పెత్రమాస సీసా

ఇట్లా జరగండి, ఇంకా జరగండి. గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ఇటు రండి, అంత దూరానికి అరిచి చెప్పే కథ కాదిది. ఆ ఫోను బోర్లా పెట్టు బిడ్డా, అది ఎక్కడికీ పోదు. ఇది రాజనర్సు కథ. నవ్వు వస్తే నవ్వండి, రాజనర్సు కూడా నవ్వుతాడు. నడుమ మాత్రం లేచిపోవద్దు.

సూరత్‌లో పాండేసరా పక్కన వడోద్ ఉంది చూడండి, అక్కడ ఒక చాలులో, అంటే వరసగా కిరాయి గదులుండే ఇంట్లో, రాజనర్సు వాళ్లది ఒక గది, ముందర ఒక వరండా. సిరిసిల్ల దిక్కు నుంచి వాళ్ల నాయన ఆగయ్య ఎన్నడో వచ్చి స్థిరపడ్డాడు. ఆగయ్య పోయాడు. తల్లి లింగవ్వ, భార్య కరుణ, పదో తరగతి చదివే బిడ్డ రుచిత, ఇంతే ఇల్లు.

రాజనర్సు సాంచాల మీద పనిచేసేవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. అతను నేసిన బట్టలో తప్పు వెతకడం ఎవరివల్లా అయ్యేది కాదు. ఎక్కడ పోగు తెగిందో అని చూసిందే చూసేవాడు, తడిమిందే తడిమేవాడు. పనివాడంటే ఇతనే అని సేఠ్ కొత్తగా వచ్చినవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు. "దేఖో, ఇస్కో బోల్తే కారీగర్!"

అదే చూపు ఇంటికి వస్తే మాత్రం ప్రాణం తీసేది. తాళం వేశానా? గ్యాసు కట్టేశానా? నల్లా బిగించానా? వెనక్కి పోయి చూసి వచ్చేవాడు. వచ్చాక, సరిగ్గానే చూశానా అని ఇంకో అనుమానం పుట్టేది. మళ్లీ పోయేవాడు. చూడకపోతే ఇంట్లో ఎవరికో ఏదో అయిపోతుందని లోపల ఒక గొంతు మొత్తుకునేది. అది ఉత్త మాటేనని అతనికీ తెలుసు. తెలిసినా కాళ్లు ఆగేవి కావు.

ఒకసారి కరుణ చుట్టాల పెళ్లికి కతర్‌గామ్ పోవాలి. రాజనర్సు ఆటో ఎక్కాడు, తాళం చూసి రావడానికి దిగాడు, ఎక్కాడు, దిగాడు. ఆటోవాడు చేతులు జోడించాడు. చివరికి రాజనర్సుకు ఒక ఉపాయం తట్టి, ముఖం తేటగా పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. పెళ్లిపందిట్లో కరుణ అడిగింది.

"తాళం మంచిగ ఏసినవా?"

"ఇగో, ఫికర్ జేయకు," అని జేబులోంచి తాళం తీసి చూపించాడు. అనుమానం రాకుండా కళ్ల ముందరే ఉండాలని తాళాన్నే వెంట తెచ్చుకున్నాడు! చేతిలో అక్షింతలు చేతిలోనే ఉండగా కరుణ ఇంటికి పరుగు తీసింది.

ఈ గొంతును పండబెట్టడానికే అతను మందు పట్టాడు. గుజరాత్‌లో మందు బంద్, చట్టం అట్లా ఉంది. కానీ పొట్లాల్లో పోసి అమ్మే సందు ఒకటుండేది. ఏ సందో అడగకండి. ఒక పొట్లం లోపలికి పోయిందంటే గొంతు చల్లబడేది. తాళం ఉంటే ఉంది, లేకుంటే లేదు, దొంగ వస్తే వాణ్నీ కూర్చోబెట్టి మాట్లాడదాం అన్నట్టు ఉండేది. పొద్దున మాత్రం అదే గొంతు ఇంకింత బలిసి లేచేది. దాన్ని పండబెట్టడానికి ఇంకో పొట్లం. ఇట్లా ఒకదానికి ఒకటి మేత వేసుకుంటూ రెండూ పెరిగాయి.

అంతలో కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆ చప్పుడులోనే బతికిన పేట ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే రాజనర్సు తలలోని గొంతు ఇంకా గట్టిగా వినబడసాగింది. పొట్లాల సందు కూడా మూతపడింది. చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట పట్టింది. ఒక పొద్దున కరుణ చూసేసరికి గది నడుమ నిలబడి, రెండు చేతులతో గాల్లో ఏదో ముడి వేస్తున్నాడు.

"ఏం జేస్తున్నవయ్యా?"

"కనవడ్తలేదా? పడుగంత తెగింది. జర ఆ కొస పట్టుకో."

కరుణ అత్త దిక్కు చూసింది. లింగవ్వ కళ్లు తుడుచుకుంటూ, "పట్టు పిల్లా, పట్టకుంటె కోపానికొస్తడు," అన్నది. కరుణ గాలి కొస పట్టుకుని నిలబడింది. రుచిత అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

అంబులెన్స్‌లోంచి తలనుంచి కాళ్లదాకా తెల్లటి తొడుగులో ఒక మనిషి దిగాడు. రాజనర్సు అతని చెయ్యి పట్టుకుని తొడుగును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇది బట్టనే గాదు! పడుగు లేదు, పేక లేదు. ఎవడు నేసిండురా దీన్ని?" అని బండి ఎక్కేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆ మనిషికి తెలుగు రాదు, "హాఁ కాకా, హాఁ కాకా" అంటూ పండబెట్టాడు.

పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఒకామె ఉండేది. రాజనర్సు కొంచెం తేరుకున్నాక కరుణను పిలిచి కూర్చోబెట్టింది. రోజూ తాగేవాళ్లకు ఒక్కసారిగా మందు అందకపోతే ప్రాణం మీదికి వస్తుందనీ, వణుకు మొదలైనప్పుడే తీసుకురావలసిందనీ చెప్పింది. ఆ తర్వాత, ఈయనకు తాగుడొక్కటే జబ్బు కాదు, ఈ మళ్లీ మళ్లీ చూడడం కూడా జబ్బే, రెండూ ఉన్నాయి అన్నది.

"షాదీ మే ఏక్ భీ నహీ బోలే మేడం," అన్నది కరుణ, పెళ్లప్పుడు ఒక్కటి కూడా చెప్పలేదని.

డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వింది. ఒకటి మాన్పి ఇంకోదాన్ని వదిలేస్తే మానిందే మళ్లీ వస్తుందని చెప్పి రెండింటికీ మందులు రాసింది. రాజనర్సుకు ఒక పని అప్పజెప్పింది. తాళం ఒక్కసారే చూడాలి. గొంతు సరిగ్గా లేదు, సరిగ్గా లేదు అని మొత్తుకుంటుంది, మొత్తుకోనివ్వాలి. దానికి జవాబు చెప్పొద్దు, మందు పోయొద్దు. జ్వరం ఎక్కినట్టే ఎక్కి, దానంతటదే దిగుతుంది.

ఆసుపత్రి గేటు దగ్గర కరుణ తన మాట తాను చెప్పింది. "జబ్బయితె చేస్త. ఎంతకాలమైనా చేస్త. మళ్ల ఇంట్ల ఆ వాసనొస్తె మాత్రం నేను, పిల్ల మా తమ్మునింటికి పోతం. బతిమిలాడినా రాను." కరుణ అన్నమాట అన్నట్టే చేసే మనిషి. అది రాజనర్సుకు తెలుసు.

ఇంటికి వచ్చేసరికి లోకం తలకిందులై ఉంది. చాలులో అందరూ చేతులు కడిగిందే కడుగుతున్నారు. పాల ప్యాకెట్లు కడుగుతున్నారు, తలుపు గొళ్లేలు తుడుస్తున్నారు, తుడిచామా లేదా అని మళ్లీ తుడుస్తున్నారు. ఇన్నేళ్లూ పిచ్చోడని నవ్వినవాళ్లే వచ్చి, "రాజనర్సన్నా, నువ్వు ముంగటనే మొదలువెట్టినవు, మాకు సమజ్ గాలే," అన్నారు. వేళ్ల సందులు ఎట్లా రుద్దాలో నేర్పమని ఒకామె పిల్లలను తెచ్చి నిలబెట్టింది. రాజనర్సు ఉస్తాదులా నేర్పాడు. అతనికి మాత్రం ఒక్కసారే కడిగే హుకుం. నల్లా దగ్గర రుచిత కాపలా.

"పప్పా, బస్. హో గయా."

"గోటి సందు..."

"బస్ అన్నా గద!"

కరుణకు ఇంకో తిప్పలు వచ్చింది. వీధి మలుపులోనే మొగుడు తాగాడో లేదో పట్టే ముక్కు ఆమెది. ఇప్పుడు దుకాణంలో శానిటైజర్, బ్యాంకులో శానిటైజర్, కూరగాయల బండిమీద కూడా శానిటైజర్. ఎటు తిరిగినా అదే స్పిరిట్ వాసన. ఒకనాడు చాలు యజమానిని దగ్గరికి పోయి మరీ వాసన చూస్తే ఆయన బెదిరిపోయాడు. ఇంట్లోకి మాత్రం శానిటైజర్ రానివ్వలేదు, సబ్బే. దాన్ని కూడా తాగినవాళ్లున్నారని ఎక్కడో విన్నది.

వానలు పడ్డాక సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. రాజనర్సు పనిలోకి పోయాడు. పొట్లాల సందు కూడా తెరుచుకుంది, అతను పక్క సందులోంచి చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాడు. అట్లా నెట్టుకొస్తుండగా పెత్రమాస వచ్చింది.

పెత్రమాస అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్య. పోయినవాళ్లకు ఏది ఇష్టమో అది వండి ఫోటో ముందర విస్తరి వేస్తారు. అందరూ బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేస్తారు. పెద్దలు వచ్చి తినేదాకా తలుపు తీయకూడదు. ఆగయ్యకు మటన్ ఇష్టం, గారెలు ఇష్టం, అన్నిటికన్నా మందు ఇష్టం. అందుకని ఏటేటా దొంగచాటుగా చిన్న సీసా తెచ్చి గ్లాసులో పోసి పెట్టేవారు. తలుపు తీశాక ఆ గ్లాసు పెద్దకొడుకే ఎత్తాలి. రాజనర్సు ఒక్కడే కొడుకు. గ్లాసు అయ్యాక సీసా కూడా ఎత్తేవాడు.

అప్పటికి లోపల భయపెట్టే గొంతు ఒకటి, మందు అడిగే గొంతు ఇంకొకటి. ఆ రెండింటికీ ఎన్నడూ పడేది కాదు. పెత్రమాస ముందర మాత్రం భుజాల మీద చేతులు వేసుకుని కలిసి వచ్చాయి. నాయన వంతు తప్పిస్తే రుచితకు కరోనా వస్తుంది అన్నది ఒకటి. అవునవును, తప్పించొద్దు, గ్లాసు ఎత్తడం ఆచారమే కదా అన్నది రెండోది. రాజనర్సుకు ఏది భయమో ఏది దాహమో తెలియలేదు. బామ్మర్ది బుచ్చిరాములుకు ఫోన్ చేశాడు. బుచ్చిరాములు రింగ్ రోడ్ మీద చీరల మార్కెట్‌లో ప్యాకింగ్ పని చేస్తాడు.

"బావా, నన్నడుగకు. అక్కకు తెలిస్తె పెట్టె సర్దుకోని నా రూముకే వస్తది. నా రూముల నాకే కాళ్లు సాపనీకె జాగ లేదు."

"నాకు గాదురా, మా నాయినకు!"

"మీ నాయినకు పర్మిట్ ఉన్నదా? గుజరాత్‌ల పర్మిట్ లేకుంటె సచ్చినోళ్లనైన తీస్కపోతరు."

"నీ మేనకోడలు బాగుండొద్దా నీకు?"

ఆ మాటతో బుచ్చిరాములు ఫోను పెట్టేసి సీసా వెతుక్కుంటూ పోయాడు.

పెత్రమాస నాడు పొద్దెక్కాక వచ్చాడు, చంకలో చీరల పార్సిల్‌తో. సీసాను ఒక మంచి వర్క్ చీరలో చుట్టి, దాన్ని అట్టపెట్టెలో పెట్టి, పైన రంగు కాగితం అంటించి తెచ్చాడు. తన తెలివికి తానే మురుస్తూ గడపలో అడుగుపెట్టాడు. బహుమతిలా కనబడేదాన్ని అక్క ఊరికే వదలదన్న సంగతి ఒక్కటే మరిచాడు.

"సూడు అత్తా, కరోనాల గూడ మా తమ్ముడు నాకు చీర తెచ్చిండు!" కరుణ ముఖం వెలిగిపోయింది.

"అక్కా, ఇప్పుడు ఇప్పకు. తర్వాత ఇప్పు."

"ఎందుకురా గంత సిగ్గు?"

కాగితం చింపింది, మూత తీసింది, కొంగు పట్టుకుని జాడించింది. సీసా దబ్బున కిందపడి, పగలకుండా దొర్లుకుంటూ పోయి ఆగయ్య ఫోటో ముందర ఆగింది.

"మీ మామ పిలుసుకున్నట్టున్నడు," అన్నది లింగవ్వ.

ఎవరూ నవ్వలేదు. కరుణ అరుస్తుందని అందరూ చెవులు మూసుకోబోయారు. ఆమె అరవలేదు. సజ్జ మీదనుంచి ట్రంకుపెట్టె దించింది. రుచిత స్కూలు బట్టలు మడత పెట్టి అందులో వేసింది.

"అక్కా, చీర మాత్రం ఒరిజినలే! వర్క్ సూడు జర!" బుచ్చిరాములు గొంతు కీచుమంది.

"నాకు గాదు కరుణా, ఒట్టు. నాయినకు," అన్నాడు రాజనర్సు.

"సరే. మీ నాయినకే పోస్తవు. మీ నాయిన తాగినంక గ్లాసు ఎవరెత్తుతరు?"

ఎత్తేవాడెవరో రాజనర్సుకు తెలుసు, సీసా సంగతి కూడా తెలుసు. కానీ పోయకపోతే? పిల్ల? ఆ మాట బయటికి అంటే అదే నిజమవుతుందని భయం. నిలబడ్డచోటే చెమటలు కక్కుతున్నాడు.

లింగవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "ఆపుండ్రి. ఆ మనిషితోని కాపురం జేసింది నేను. ఏం పెట్టాల్నో నేను జెప్త. ఈసారి చాయ్ పెడ్తం."

"చాయా? నాయిన జన్మల చాయ్ ముట్టలే గదనే అవ్వా!"

"బతికినన్ని దినాలు నా మాట వినలే. ఇప్పుడు వింటడు. యాడికి పోతడు?"

"కోపమొస్తె?"

"వస్తె నా కలలకు రమ్మను. నాకు గూడ అడిగేటియి శానా ఉన్నయి."

సీసా ఎవరు పారబోయాలి? "నువ్వే," అన్నది కరుణ, మడత పెట్టడం ఆపకుండా. రాజనర్సు సీసా పట్టుకుని మోరీ దగ్గర కూర్చున్నాడు. మూత తిప్పగానే వాసన గుప్పున లేచింది. నోట్లో నీళ్లూరాయి. ఒక్క గుక్క, ఎవరూ చూడడం లేదు, అన్నది రెండో గొంతు, వెనకటి దోస్తులాగా. చెయ్యి పైకి లేచింది కూడా. తల తిప్పితే ట్రంకుపెట్టెలో అన్నిటికన్నా పైన రుచిత తెల్ల రిబ్బన్లు కనబడ్డాయి. సీసాను తలకిందులు చేశాడు.

చేశాక మొదలైంది అసలు పని. చుక్క మిగిలిందేమో! నీళ్లు పోసి కడిగాడు. మళ్లీ పోశాడు, ఊపాడు, వెలుతురుకు పెట్టి చూశాడు, మళ్లీ కడిగాడు. మోరీ కడిగాడు. మూత లోపలి వైపు కడిగాడు.

"పప్పా, డాక్టర్ ఆంటీ ఒక్కసారే అన్నది!"

"ఇయ్యాలకు కడుగనియ్యి బిడ్డా," అన్నది కరుణ, నవ్వుకూ ఏడుపుకూ నడుమ ఎక్కడో నిలబడి. "డాక్టరమ్మకు నేను జెప్పుకుంట."

విస్తరి వేశారు. మటన్, గారెలు, పక్కన గ్లాసు నిండా చాయ్. దండం పెట్టి అందరూ వరండాలోకి వచ్చారు. లింగవ్వ తలుపు మూసింది.

ఇక చూడండి రాజనర్సు అవస్థ. మూసిన తలుపు తీయకూడదు. అతని లెక్కలో లోపల అంతా తప్పుగా ఉంది. తలుపు ముందర కూర్చున్నదేమో తాళం పడిందో లేదో చూడనిదే ఒక క్షణం నిలవలేని మనిషి. పోయి మందు తెచ్చి పొయ్యి, పిల్ల పోతుంది, పిల్ల పోతుంది అని గొంతు తలలో సాంచాలా ఆడుతోంది. కూర్చున్నాడు, లేచాడు, కూర్చున్నాడు. బుచ్చిరాములు అతని లుంగీ కొస పట్టుకుని కూర్చున్నాడు, అక్క తన రూముకు రాకుండా ఉండాలని.

సరిగ్గా అప్పుడే రుచిత తుమ్మింది.

ఆ కాలంలో తుమ్ము అంటే మామూలా! పక్కగది వాళ్లు కిటికీ మూశారు. రాజనర్సు ఎగిరి గొళ్లెం మీద చెయ్యి వేశాడు. లుంగీ బుచ్చిరాములు చేతిలో ఉండిపోయింది. నయం, కింద నిక్కరుంది.

"పప్పా! మటన్ ఘాటు! బాపమ్మ మిర్చి ఎంత ఏసిందో సూడలేదా?"

చెయ్యి గొళ్లెం మీదే ఉంది. ఇన్నేళ్లుగా పెళ్లానికి గాని, తల్లికి గాని చెప్పనిమాట అప్పుడు బయటికి వచ్చింది.

"బిడ్డా... నాయినకు మందు పెట్టకుంటె నువ్వు పోతవంటున్నది. లోపల. పొద్దాంక గదే అంటున్నది."

కరుణ అతని దిక్కు చూసింది. తాగుడు వెనక ఇంత భయం ఉందని ఆమెకు తెలుసు, అది తన బిడ్డ గురించేనని మాత్రం తెలియదు.

రుచిత తండ్రి ముందరికి వచ్చి నిలబడింది. "మొన్న గ్యాస్ పేలుతదన్నది. పేలిందా?"

"లేదు."

"నల్లా ఇప్పినవు, చాలంత మునుగుతదన్నది. మునిగిందా?"

"లేదు."

"దానికి రోజూ గదే పని పప్పా. బోల్నే దో, అననియ్యి. అయినా తాత నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినోడు. ఒక గ్లాసు కోసం నన్నెందుకు సంపుతడు?"

రాజనర్సు గొళ్లెం వదిలాడు. వదిలి అక్కడే గడప ముందర చతికిలబడ్డాడు. కరుణ వచ్చి పక్కన కూర్చుని అతని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. గొంతు మొత్తుకుంది, ఇంకా మొత్తుకుంది. అతను లేవలేదు. చెమట పట్టి, చొక్కా తడిసి, చాలాసేపటికి, డాక్టరమ్మ చెప్పినట్టే, జ్వరం దిగినట్టు కొంచెం కొంచెంగా దిగింది. పూర్తిగా పోలేదు. కూర్చోగలిగేంత తగ్గింది.

లింగవ్వ దగ్గి, తలుపు తట్టి తీసింది. చాయ్ చల్లారి పైన మీగడ కట్టింది. గ్లాసు మాత్రం నిండుగానే ఉంది.

"సూడుండ్రి, తాగిండు!" అన్నది లింగవ్వ.

"నిండుగనే ఉన్నది గద బాపమ్మా!"

"ఆయన ఎన్నడన్నా ఒక్క గ్లాసుతోని ఆగిండా? తాగి మళ్ల నింపుకున్నడు."

ఈసారి మాత్రం కరుణ కూడా నవ్వింది. ఆచారం ప్రకారం పెద్దకొడుకు గ్లాసు ఎత్తాడు. మీగడ పెదవికి అంటుకుంది. ముఖం వంకర్లు పోయింది. "నాయినా, ఎట్ల తాగినవే దీన్ని!" అంటూనే అడుగుదాకా తాగాడు. కరుణ ట్రంకుపెట్టెలోంచి రుచిత బట్టలు తీసి దండెం మీద వేసింది. చీర మాత్రం తమ్ముడికి తిరిగి ఇవ్వలేదు.

రాజనర్సుకు అంతా నయమైపోయిందా అంటే, లేదు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు, డాక్టరమ్మ దగ్గరికి పోతూనే ఉన్నాడు. మరుసటేడు హోలీ నాడు కాళ్లు పొట్లాల సందు దాకా తీసుకుపోయాయి కూడా. సందు మొగదలలో నిలబడగానే అనుమానం వచ్చింది, గ్యాసు కట్టేశానా? పరుగున ఇంటికి వచ్చి చూశాడు, కట్టేసే ఉంది. అప్పటికి రుచిత తలుపుకు అడ్డంగా రంగుల బకెట్ పట్టుకుని నిలబడింది. మళ్లీ పోలేదు. ఆ ముచ్చట అతనే డాక్టరమ్మకు చెప్తే, ఈ ఒక్క అనుమానానికి నేనేమీ అనను అని ఆమె నవ్వింది. పెత్రమాసకు మాత్రం ఆగయ్యకు ఏటా చాయే. ఇప్పుడు చక్కెర చాలడం లేదని కలలో తగువు పెట్టుకుంటున్నాడని లింగవ్వ చెప్తుంది.

ఇంతే బిడ్డా. మీ ఇంట్లోనో, మీ గల్లీలోనో ఇట్లాంటి మనిషి ఉంటే ఇది యాదికి తెచ్చుకుని చెప్పండి. చెప్పేటప్పుడు చాయ్ మీది మీగడను మరవొద్దు, లుంగీని అసలే మరవొద్దు. ఆ మనిషి గొళ్లెం మీదినుంచి చెయ్యి తీసిన కాడికి వచ్చాక మాత్రం తొందరపడొద్దు, అక్కడ జరసేపు ఆగి చెప్పండి.